ఉమ్మడి వాకిలి ఎవరు ఊడవాలి?

రైళ్ల టైంటేబిలులో స్టేషన్ల మధ్య దూరం ఉంటుంది. బస్సు టిక్కెట్టు మీద ఛార్జీ ఉంటుంది. కాని బస్సు దిగిన చోటి నుంచి రైలెక్కే చోటి దాకా ఉన్న ఆ నాలుగు ఫర్లాంగుల సంగతి ఏ పుస్తకంలోనూ అచ్చు కాదు. ప్రయాణం మొత్తంలో మనిషిని ఏడిపించేది అదే. చంకలో పిల్ల, చేతిలో పెట్టె, సంచిలో ఆవకాయ జాడీ, వెనకాల నెమ్మదిగా అడుగులు వేసే అత్తగారు - ఈ పటాలంతో ఆ రోడ్డు దాటిన ఇల్లాలిని ఎవరినైనా అడగండి, చెబుతుంది.

పేరు చెప్పను గాని, జిల్లా పట్టణమొకటి నాకు బాగా తెలుసు. అక్కడ బస్టాండుకూ రైల్వే స్టేషనుకూ మధ్య అడ్డం ఒకే ఒక గోడ. గేటు గుండా చుట్టి పోవాలంటే పావుగంట నడక, లేదా ఆటోవాడితో బేరం. అందుచేత ఎవరో పుణ్యాత్ములు గోడకు కన్నం పెట్టారు. ప్లీడరు గారి దగ్గర నుంచి పాలమ్మే ఆమె దాకా ఊరంతా ఆ కన్నంలోంచే తల వంచుకుని పోతుంది. అప్పుడప్పుడు దాన్ని ఇటుకలతో పూడుస్తారు. నెల తిరక్కుండా మళ్లీ తెరుచుకుంటుంది. నేను ఉండబట్టలేక రెండు ఆఫీసులలోనూ వాకబు చేశాను. “గోడ రైల్వేవారిదండీ, మేమేం చేస్తాం?” అన్నారు బస్సులవారు. “మా స్థలానికి మేం గోడ కట్టుకున్నాం, బస్సుల సంగతి మాకెందుకండీ?” అన్నారు రైల్వేవారు. ఇద్దరి మాటా న్యాయమే. ఆ కన్నం ఉన్నచోట ఒక గేటూ, ఒక దీపమూ పెట్టించవలసిన ఉద్యోగి మాత్రం ఏ ఆఫీసులోనూ లేడు.

మొదట్లో ఈ రెండూ వేరు కాపురాలు కావు సుమా! హైదరాబాదు సంస్థానంలో 1932 జూన్‌లో ప్రభుత్వ బస్సులు మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? నిజాం స్టేట్ రైల్వేవారే. అందులోనే రోడ్డు రవాణా శాఖ అని ఒకటి తెరిచి, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో నడిపారు. అంటే రైలు పెద్దన్న, బస్సు తమ్ముడు, పెత్తనం ఒక్కరిది. 1951 నవంబరులో పంపకాలు జరిగాయి. రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది, బస్సులు రాష్ట్ర ప్రభుత్వం కిందికి పోయాయి. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. ఉమ్మడి కాపురంలోనైనా గౌలిగూడ బస్సుల షెడ్డూ, కాచిగూడ స్టేషనూ పక్కపక్కన లేవన్నది వేరే మాట. కాని కావాలనుకుంటే కలిపే అధికారం ఒకచోట ఉండేది. అన్నదమ్ములు వేరుపడితే పొలం కొలిచి పంచుకోవచ్చు, ఇంటికి అడ్డగోడ పెట్టుకోవచ్చు. తోడికోడళ్లకు మాటా మాటా వచ్చేది వాకిలి ఊడవడం దగ్గరే.

ఆ గౌలిగూడ షెడ్డు విమానాల హంగరుగా పుట్టి, బస్సుల చావడిగా బతికింది. 2018 జులై 5న కూలిపోయింది. ప్రాణనష్టం జరగలేదు, అదృష్టం. అప్పటికే దూరప్రాంతపు బస్సులు దాన్ని విడిచి చాలాకాలమైంది. 1994లో మూసీనది మధ్య దిబ్బ మీద, ఇమ్లీబన్‌లో, మహాత్మాగాంధీ బస్ స్టేషను కట్టారు. ఇమ్లీబన్ అంటే చింతతోపు. దాని పక్కకు మెట్రో రైలు రావడానికి 24 ఏళ్లు పట్టింది. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి. నగర్ లైను, 2020 ఫిబ్రవరి 7న జూబిలీ బస్ స్టేషను నుంచి వచ్చే లైను, రెండూ అక్కడ కలిశాయి. ఊరికి రెండు కొసలనున్న రెండు పెద్ద బస్టాండ్లను ఒకే రైలు కలపడం చిన్న విషయం కాదు. ఎవరో కూర్చుని ఆలోచిస్తేనే అలాంటిది జరుగుతుంది.

మా చిన్నమ్మ సూర్యాపేటలో ఉంటుంది. డెబ్భై దాటాయి, మోకాళ్లు ఆవిడ మాట వినవు. కూతురు మాదాపూర్‌లో. ఇదివరలో ఎవరైనా వెళ్లి వెంటబెట్టుకు వస్తేనే ఆవిడ ప్రయాణం. పోయినేడు నేను వెంట ఉండి దారి చూపించాను. గాంధీ బస్ స్టేషనులో దిగి మెట్రో ఎక్కడం, అమీర్‌పేటలో ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు లిఫ్టులో మారడం, మళ్లీ టిక్కెట్టు కొననక్కర్లేదు. తరువాతి నెలలో తనే ఒంటరిగా వచ్చింది!

“ఎట్లా వచ్చావు చిన్నమ్మా, భయం వెయ్యలేదా?” అంటే నవ్వింది. “రెండు బండ్లు మారుడు భయం కాదు బిడ్డా. మధ్యల ఎటు పోవాల్నో చెప్పేటోడు లేకపోవుడే భయం. ఆడ బోర్డులున్నయి, నాకు తెలుగు సదవ వస్తది.”

ఇంజనీర్లు పెద్ద పెద్ద నమూనాలు తయారుచేస్తారు గాని, ఈ ఒక్క మాటలో సగం శాస్త్రం ఉందని నాకనిపిస్తుంది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవారికి బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చాక బస్టాండ్లలో స్త్రీల రద్దీ పెరిగింది. వారికి అద్దాల కప్పు అక్కర్లేదు. శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి తొమ్మిదింటికి వెలిగే దీపం, కూర్చోవడానికి ఒక బల్ల కావాలి.

వాకిలికి ఒక యజమానిని పెట్టిన ఊరు కేరళలో ఉంది. కోచిలో వైట్టిల అనే చోట 37 ఎకరాలు తీసి, 2011లో మొబిలిటీ హబ్ తెరిచారు. దాన్ని నడపడానికే ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. మొదట బస్సులు, 2019లో మెట్రో, 2023 ఏప్రిల్‌లో కాక్కనాడుకు పోయే విద్యుత్ పడవలు. బస్సు దిగి పడవ ఎక్కవచ్చు! అక్కడా అన్నీ అమరలేదు. హబ్ తెరిచాక కూడా ప్రభుత్వ బస్సుల ప్రధాన స్టాండు ఎర్నాకుళంలో తన పాత చోటనే ఉండిపోయింది. అయినా పడవలు వచ్చేనాటికి వాటికి చోటు వెదుక్కోనక్కర్లేకపోయింది.

చోటు కుదిరితే చాలదు, వేళ కుదరాలి. ఇందులో స్విట్జర్లాండు వారిని మించినవారు లేరు. 1982 నుంచి వారి రైళ్లు గంటగంటకూ అదే నిమిషానికి వస్తాయి. పెద్ద కూడలి స్టేషన్లకు గంట కొట్టడానికి కాస్త ముందు నాలుగు దిక్కుల నుంచీ రైళ్లు వచ్చి నిలుస్తాయి. జనం అటునుంచి ఇటు మారుతారు. గంట దాటిన కాసేపటికి అన్నీ బయలుదేరుతాయి. పల్లెలకు పోయే పసుపుపచ్చ రంగు పోస్టు బస్సుల వేళలు కూడా రైలు వేళలను బట్టే. 2004లో బెర్న్ నుంచి జూరిచ్‌కు ప్రయాణం గంటలోపుకు తెచ్చినది వేగం మీది మోజుతో కాదు, రెండు చోట్లా ఈ లెక్క కుదరాలని. మన వైపు చివరి బస్సు వెళ్లిన అయిదు నిమిషాలకు రైలు రావడం ఎన్నిసార్లు చూడలేదు!

మద్రాసు సంగతి మన తెలుగువారిలో చాలామందికి స్వానుభవమే. కోయంబేడులో రద్దీ తగ్గించడానికి 2023 డిసెంబరు 30న ఊరి చివర కిలాంబాక్కంలో కొత్త బస్టాండు ప్రారంభించి, దక్షిణ జిల్లాల బస్సులను అక్కడికి మార్చారు. కట్టడం ఘనంగా ఉంది. కాని తెరిచిన రోజుకు పక్కన రైల్వే స్టేషను సిద్ధం కాలేదు, మెట్రో అసలే లేదు. రోడ్డు మీద రద్దీ తగ్గింది నిజమే. ఆ బరువు ప్రయాణీకుడి నెత్తి మీదికి మారింది.

ఈ చిక్కు ఢిల్లీవారికి తెలియక కాదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే పది లక్షల జనాభా దాటిన నగరాలలో అన్ని బండ్లకూ కలిపి ఒకే సంస్థ ఉండాలన్నది. 2017 మెట్రో విధానం కేంద్ర సహాయానికి దాన్ని షరతుగా పెట్టింది. కాగితం మీద సంస్థ పుట్టించడం సులువు. బస్సువేళ మార్చమని ఆర్టీసీతోనూ, గోడ తీయమని రైల్వేతోనూ చెప్పి ఒప్పించే అధికారం ఇవ్వడమే కష్టం.

2025 జనవరి 6న హైదరాబాదుకు తూర్పున చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది. సికిందరాబాదు మీది బరువు దించడానికే అది. చక్కగా కట్టారు. అక్కడ తెల్లవారుజామున రైలు దిగే కుటుంబం కోసం నేను అడిగేది ఒక్కటే: స్టేషను గుమ్మంలో, తెలుగులో, మొదటి సిటీబస్సు ఎన్ని గంటలకో, ఎక్కడ ఆగుతుందో చెప్పే బోర్డు ఒకటి. దాన్ని రాయించేది రైల్వేవారా, ఆర్టీసీవారా?