ఎండల దారిలో పాత అంబాసిడరు

ధర్మవరమునుండి పెనుకొండ మీదుగా హిందూపురమునకు పోవుకొలది నేల మెల్లమెల్లగా ఎత్తగుచుండును. ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున, లోపల నిండుగా మనుష్యులతో, పైన సామానుతో ఆ యెత్తు నెక్కు పాత అంబాసిడరు బానెట్టు తెరచి చూచినచో, పెట్రోలు పంపుమీద తడిగుడ్డ చుట్టి యుండుటయు కద్దు. వేడికి పెట్రోలు దారిలోనే ఆవిరియై బండి నిలిచిపోకుండ డ్రైవర్లు కనిపెట్టిన ఉపాయమది. మారిస్ ఆక్స్‌ఫర్డు వంశమున పుట్టి, 2014 వరకు ఉత్తరపాడా కర్మాగారమునుండి వెలువడిన ఈ కారు మన యెండలకు లొంగునది కాదు గాని, పోషణలో అశ్రద్ధను మాత్రము సహింపదు.

వేడెక్కిన బండిని చూడగానే మెకానిక్కులు పలువురు మొదట థర్మోస్టాటును ఊడబెరికి పారవేయుదురు, "ఈ యెండలకు అది యెందుకండీ?" అందురు. ఈ వాదమున పాతికపాళ్ళైనను నిజము లేదు. లోపలి మైనము సుమారు 82 డిగ్రీలకు కరగి వ్యాకోచించువరకు నీటిని రేడియేటరునకు పోనీయక, ఇంజనును త్వరగా తగిన వేడికి తెచ్చుటయే ఆ చిన్న పరికరము పని. అది లేనిచో, ఊరిలో తిరుగు కారు ఇంజను చాలసేపు చల్లగానే యుండి, కాలని పెట్రోలు సిలిండరు గోడలపై నూనెను కడిగివేయగా, రింగులరుగును, మైలేజి తగ్గును. చెడి మూసికొనిపోయిన థర్మోస్టాటు వేడి పుట్టించుట నిజమే. దానికి మందు క్రొత్తది వేయుటగాని, ఖాళీగా వదలుట కాదు.

అసలు శత్రువు మన బోరునీరు. రేడియేటరు అడుగు కుళాయి విప్పినపుడు కాఫీరంగు నీరు దిగి, గొట్టముల మూతులయందు తెల్లని గార అంటుకొని కనబడునెడల, వేడికి వెలుపలి దారి సగము మూసికొనిపోయినదన్నమాట. వాననీటినో, బ్యాటరీలో పోయు డిస్టిల్డు నీటినో కూలెంటుతో కలిపి పోయుట మేలు. సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైనున్న హిందూపురమున నీరు 98 డిగ్రీలకే మరుగును. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడి నిలుపు రేడియేటరు మూత బిగించినచో ఆ హద్దు 110 డిగ్రీల సమీపమునకు పోవును. రబ్బరు వాషరు చీలిన మూతవలన ఈ లాభమంతయు వ్యర్థము.

వదులైన ఫ్యాను బెల్టు, ఆలస్యమగు ఇగ్నిషను టైమింగు, దుమ్ముపట్టిన రేడియేటరు రెక్కలు చూపించుకొనుట ఎల్లరెరిగినదే. పెనుకొండ సమీపమున 2019 నుండి తయారగుచున్న కియా కార్లలో ఫ్యాను విద్యుత్తుతో తిరుగును. అంబాసిడరులో అది ఇంజనుతోడనే తిరుగును గనుక, ఎత్తున వేడి చూపు ముల్లు ఎఱ్ఱగీత వైపు జరిగినపుడు టాప్ గేరులో ఈడ్చుట తగదు. క్రింది గేరునకు మార్చినచో ఫ్యానును, నీటిపంపును వేగము పుంజుకొనును. అప్పటికిని ముల్లు దిగదేని, నీడపట్టున నిలిపి, పై గొట్టమును చేత పట్టుకొనగలుగువరకు మూత విప్పరాదు.