"గణపతి" నవల – పాఠకాభిప్రాయ విచారము

చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి "గణపతి" వెలువడి నూఱేండ్లు దాటినది. తెలుగున హాస్యనవల యనగానే మొదట జ్ఞప్తికి వచ్చు రెండుమూడు గ్రంథములలో నిది యొకటి. ఇంతకాలము గడచినను దీనిపై చదువరుల మాట యొకటి కాలేదు. కడుపుబ్బ నవ్వితిమని చెప్పువారు కొందఱు. మనస్సు నొచ్చి నడుమనే పుస్తకము మూసితిమని చెప్పువారు కొందఱు. అట్లు చేసిన ఘట్టమేదియని యడిగినచో నిరుతెగలవారును తఱచుగా నొకదానినే చూపుదురు. ఒకే పుట యొకరిని నవ్వించి మఱియొకరిని నొప్పించుట కేమి కారణము? ఇది కాలక్షేపమునకై యెత్తుకొన్న ప్రశ్న గాదు. తరగతిలో నొక పేదబాలుడు కూర్చుండి యుండగా, పేదవాని కథను చదివి తక్కినవారు నవ్వుదురు. అప్పుడు పండితు డేమి చెప్పవలయును?

బషీర్‌బాగులో సాహిత్యప్రియులు కొందఱు కూడి గ్రంథపఠనము చేయుచుందురు. అచ్చట నొక సాయంకాల మీ నవలపై జరిగిన ప్రసంగమును నేను వింటిని. ఉద్యోగవిరమణము చేసిన పెద్దమనుష్యు లొకరు, ఇది వట్టి నవ్వుల పుస్తకమనియు, ఇందు విచారింపదగిన దేమియు లేదనియు సెలవిచ్చిరి. వైదికకుటుంబమునకు చెందినవా రొకరు, ఇది బ్రాహ్మణకులమును నలుగురిలో నగుబాటు చేసినదని కోపించిరి. కళాశాలలో చదువు చెప్పు సోదరి యొకరు, గణపతి చేసినది నేరమనియు, నేరము చేసినవానిని జూచి యెట్లు నవ్వుదుమనియు ప్రశ్నించిరి. తొంబదేండ్లు సమీపించిన వృద్ధు లొకరు మాత్రము, నిజాము కాలమున తాము చదివిన ఖాన్‌గీ బడిలో నట్టి పంతులే తమచేత ఓనమాలు దిద్దించెననియు, ఆయన యాకలి తమకు తెలియుననియు చెప్పి, నవ్వక యూరకుండిరి.

మొదటి యభిప్రాయమును గూర్చి చెప్పవలసినది స్వల్పము. వట్టి నవ్వులకైనచో ఒక తరము కథ చాలును. ఈ గ్రంథకర్త గణపతి పూర్వులనుండి కథ నెత్తుకొని, చదువు సన్నగిలుటయు దారిద్ర్యము పెరుగుటయు తరతరమునకు చూపుచు వచ్చెను. గణపతి యాకాశమునుండి ఊడిపడిన మూర్ఖుడు గాడు.

కులనిందయను మాట కొంత విచారణీయము. గ్రంథకర్త బ్రాహ్మణుడు, బడిపంతులుగా పనిచేసినవాడు. రాజమహేంద్రవరమున 1909లో హరిజన బాలురకొఱకు పాఠశాల నెలకొల్పినవాడు. తనవారి బ్రతుకును తానే వ్రాసినమాత్రమున నింద నింద కాకపోదని ప్రతిపక్షులు చెప్పవచ్చును. ఆ వాద మొప్పుకొనవలసినదే. కాని శాస్త్రము వారికి తోడు రాదు. భరతముని శుద్ధప్రహసన లక్షణమును చెప్పునపుడు తాపసులను విప్రులను అందు పాత్రలుగా పేర్కొనెను. కాశ్మీరమున పదునొకండవ శతాబ్దివాడగు క్షేమేంద్రుడు దేశోపదేశమున విద్యార్థులను, గురువులను, లోభులను విడువక తూర్పారబట్టెను. నవ్వుచే సిగ్గుపడినవాడు దోషములయందు మరల ప్రవర్తింపడనుట యాతని మతము. కావున నిట్టి రచన మనకు పాశ్చాత్యుల నుండి దిగుమతియైన సరకనుట పొసగదు. సంస్కృతము చదివినవారే యా మాట యనుట నాకు మిక్కిలి వింతగా తోచును.

ఇక నిరుతెగలవారును చూపు ఘట్టము శవవాహకులది. గణపతి పూర్వుల కథలో నొక పేదబ్రాహ్మణుడు మరణించును. మోయుటకు మనుష్యులు కావలయును. వచ్చినవారు కూలి బేరమాడుదురు. సంతలో కూరగాయల బేరము వలె అది సాగును. శవము లోపల నుండును. ఇచ్చట నవ్వు వచ్చుటయు నిజమే, వచ్చిన నవ్వునకు సిగ్గుపడుటయు నిజమే.

భరతముని హాస మాఱు విధములని చెప్పెను: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. వీనిని ఉత్తమ మధ్యమ నీచప్రకృతులకు రెండేసి చొప్పున పంచెను. సాధారణముగా మన మీ పట్టికను కంఠస్థము చేసి విడుతుము. అపహసితమునకు ముని చెప్పిన లక్షణమును మఱల చూడుడు. అస్థానమున కలుగు నవ్వు. కన్నుల నీరు నిండును. భుజములును శిరస్సును కంపించును. స్థానము కానిచోట నవ్వు, దానితో కన్నీరు! శవవాహకుల ఘట్టమును చదువువాని స్థితి యిదియే. తెలుగున "అపహాస్యము" అనగా వెక్కిరింతయను నర్థమే నిలిచిపోయెను గాని, మునివాక్యమున కన్నీటి కథ కూడ గలదు. అయితే ముని దీనిని నీచప్రకృతులకు చెప్పెను గదా, చదువరి నీచుడా యని శంక కలుగును. ఆ విభాగము రంగముపై నవ్వు పాత్రలకు సంబంధించినది. ఈ ఘట్టమున నవ్వునది పాత్ర కాదు, చదువరి. బేరమాడువారు ముఖమున చిఱునవ్వైన లేక తమ పని తాము చూచుకొనుచుందురు. వారి గాంభీర్యమే మనలను నవ్వించును.

అయినచో నవ్వదగినది ఏది? హసధాతువునకు ణ్యత్ప్రత్యయము చేరగా "హాస్య" శబ్ద మేర్పడును. ఆ ప్రత్యయ మర్హార్థమునందును వచ్చును గావున హాస్యమనగా నవ్వ నర్హమైనది యని చెప్పవచ్చును. నవ్వించినదెల్ల హాస్యము గాదు. శవము నవ్వ నర్హము గాదు. చనిపోయినవాని భార్య కాదు. వారి పేదఱికము కాదు. ధర్మమని చెప్పుకొను కార్యమునకు వెల కట్టి, ఆ వెలను శాస్త్రోక్తముగా పెంచుట మాత్రము నవ్వ నర్హము. హాస్యమునకు ఆలంబనము బేరము; కరుణమునకు ఆలంబనము ఇల్లాలు. రెండాలంబనము లొకే గదిలో నున్నవి. ఒకదానిని చూచినవాడు నవ్వెను, రెండవదానిని చూచినవాడు పుస్తకము మూసెను. కరుణాదుల యాభాసములనుండియు హాస్యము పుట్టునని అభినవగుప్తపాదులు చెప్పినది యిచ్చట స్మరింపదగును. బేరగాండ్ర సానుభూతి కరుణాభాసము. దానినుండి నవ్వు పుట్టినది. ఇల్లాలి దుఃఖము ఆభాసము గాదు.

ఇతరదేశముల చదువరులకు నీ చిక్కు తప్పలేదు. స్విఫ్టు 1729లో ఐర్లండు పేదల బిడ్డలను భోజనమునకు విక్రయించుట లాభకరమని వర్తకుని ధోరణిలో లెక్కలు వేసి వ్రాసెను. గొగోలు 1842లో వెలువరించిన రష్యా నవలలో, చనిపోయిన దాసుల పేళ్లను కొనుచు నొకడు ఊరూరు తిరుగును. అందును నవ్వించునది బేరపు భాషయే.

సోదరి చేసిన యాక్షేపణ వేఱు జాతిది. దానికి నీ సమాధానము చాలదు. గణపతి మోసముచేసి పసిపిల్లను వివాహమాడు కథాభాగమున బేరగాడు వేఱు, బాధితుడు వేఱు అను నెడము కానరాదు, నాయకుడే హింసకుడు. బాల్యవివాహ నిరోధక శాసనము 1929లో వచ్చినది, 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలైనది. నవల దానికి పూర్వపుది. పడిన ముడి విప్పరాదను నమ్మక మా కాలపు చదువరిది. వీరేశలింగముగారి సంస్కారోద్యమపు గాలి సోకిన గ్రంథకర్త ఆ నమ్మకమునే యెత్తిచూపదలచె నని నేను తలంతును. అయినను పిల్ల యేమనుకొన్నదో చెప్పుట కాతడు తగినంత యెడ మీయలేదు. ఇచ్చట నవ్వని చదువరియే సహృదయుడు. బడిలో పంతులు నిద్రించుటయు, పిల్లల యల్లరియు వర్ణించు పుటలును నా దృష్టిలో సాగదీయబడినవే. ఆ నవ్వు వికృతచేష్టలకు సంబంధించినది, సులభమైనది.

పాఠ్యసంకలనములు కూర్చువారి కొక్క విన్నపము. బడి ఘట్టమును మాత్రము తుంచి పాఠముగా పెట్టినచో, బాలురకు సోమరి పంతులు దక్కును గాని, ఆ సోమరితనము వెనుక నున్న మూడు తరముల యాకలి దక్కదు. నే నొకసారి పైతరగతివారిచే శవవాహకుల ఘట్టమును బిగ్గరగా చదివించి, తమ నవ్వు ఏ పంక్తికడ నాగినదో యచ్చట పెన్సిలుతో గీత పెట్టుడని చెప్పితిని. పెక్కుమంది బేరము కుదిరినచోట గీసిరి. ఇద్దఱు మొదటి పంక్తికడనే గీసిరి. ఒకని పుస్తకమున గీతయే లేదు. ఎందుకని యడుగగా, తమ వీథిలో మొన్న నట్లే జరిగినదని చెప్పెను.