కబురు చెప్పడమూ చదువే

కొన్నేళ్ళ కిందట కరాచీలో పిల్లల భద్రత మీద ఒక చిన్న ప్రచార చిత్రం తీశారు. మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. కాసేపటికి వెనక్కి తెచ్చి దించి, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగం కత్తిరించేశారు. మిగిలిన ముక్క, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న మాటతో కలిసి, 2018లో వాట్సాప్‌లో దక్షిణాది ఊళ్ళు తిరిగింది. ఆ పుకార్ల వేడిలోనే మే నెలలో, చిత్తూరుకు దక్షిణాన వేలూరు దాటితే వచ్చే తిరువణ్ణామలై జిల్లాలో, గుడికి వెళ్తూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన ఒక కుటుంబాన్ని జనం అనుమానించి కొట్టారు. అరవై అయిదేళ్ళ పెద్దావిడ చనిపోయింది. ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి మించి పంపే వీలు లేకుండా వాట్సాప్ మన దేశంలో కట్టడి పెట్టింది ఆ జూలైలో. ఫోన్ వాడటం ఎవరూ నేర్పకపోయినా వస్తుంది. ఈ వీడియో ఎక్కడిది, ఎవరు తీశారు, దీని ముందూ వెనకా ఏముంది అని అడగడం మాత్రం అలా రాదు, నేర్పాలి. మాస్ కమ్యూనికేషన్ అనే చదువుకు మొదటి పాఠం ఈ ప్రశ్నే.

మన తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో ఇంటర్ ఫలితాలు రాగానే నడిచే చర్చలో ఈ చదువుకు చోటు తక్కువ. ఎంపీసీ అయితే ఈఏపీసెట్, బైపీసీ అయితే నీట్, అవి అందకపోతే డిగ్రీలో కంప్యూటర్లో కామర్సో. పిల్లలెవరైనా జర్నలిజం అంటే ఇంట్లోవాళ్ళకు రెండే బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి టీవీ తెర మీద అరిచే యాంకర్, రెండోది ప్రెస్ అని రాసుకున్న బండి. ఒకదాని మీద మోజు, రెండోదాని మీద అనుమానం. అసలు చదువు ఈ రెండింటిలోనూ లేదు. ఒక సంగతిని కనుక్కోవడం, అది నిజమో కాదో తేల్చుకోవడం, ఎవరికి చెప్పాలో వాళ్ళకు అర్థమయ్యే మాటలో చెప్పడం: ఈ మూడు పనులే ఇందులో సారం. పత్రిక, రేడియో, టీవీ, ప్రకటన, పౌర సంబంధాలు, డాక్యుమెంటరీ అన్నీ ఈ మూడింటి మీద పెరిగిన కొమ్మలు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివిన పిల్లలకైనా ఈ దారి తెరిచే ఉంది. మన ప్రాంతానికి ఇది అలంకారంగా ఉండే చదువు కాదనీ, డాక్టర్ల, ఇంజనీర్ల చదువులంత అక్కరగల చదువనీ నా వాదన.

ఆ అక్కర ఎక్కడుందో చూడటానికి 2025 మామిడి సీజన్ చాలు. చిత్తూరు తోతాపురికి ధర పడిపోయింది. కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలపాలి అని లెక్క కట్టారు. కర్ణాటక కాయ మన ఫ్యాక్టరీలకు రాకుండా సరిహద్దులో ఆపడంతో అది రెండు రాష్ట్రాల తగాదా అయింది. రోడ్డు పక్కన పారబోసిన కాయల ఫొటో తీయడం ఎవరికైనా వచ్చు. ముందటేడు గుజ్జు ఎంత మిగిలిపోయింది, ఆ గుజ్జు ఏ దేశాలకు పోతుంది, ఫ్యాక్టరీ చెప్పే ధరకూ రైతు చేతికొచ్చే డబ్బుకూ మధ్య ఏం జరుగుతుంది, వచ్చే ఏడాది చెట్లు ఉంచాలా కొట్టేయాలా అని తేల్చుకోవడానికి రైతుకు కావలసిన సమాచారం ఏది? ఇది అడగగల విలేకరికి భాషతో పాటు లెక్కలు రావాలి, బ్యాలన్స్ షీటు చదవడం రావాలి, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి 30 రోజులు ఓపిక పట్టడం రావాలి.

ఇంకో పక్క చూడండి. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ ఉంది. ఆకాశంలో గాలి కదలికలను రాడార్‌తో చదువుతారక్కడ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. ఐఐటీ, ఐసర్ ఇక్కడే ఉన్నాయి. ఇంత విజ్ఞానం పక్కన పెట్టుకుని, దాన్ని చెనిక్కాయలు వేసే రైతుకు తెలుగులో విడమరిచి చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగి, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడినప్పుడు కింది ఊళ్ళను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అలాంటి రాత్రి ఏ మాట చెప్పాలి, ఎవరి నోట చెప్పించాలి, భయం పెంచకుండా జనాన్ని ఎలా కదిలించాలి అన్నది శాస్త్రంగా నేర్చుకోవలసిన విద్య. చెరువు కట్టకు ఇంజనీరు ఎంత అవసరమో, కట్ట కింద ఉన్న మనిషికి సరైన మాట అంత అవసరం.

మాటకు ఉన్న బలం మన పక్క జిల్లాలోనే రుజువైంది. నెల్లూరులో 1991 నాటి అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చుకునే ఆడవాళ్ళ కోసం తయారైన వాచకంలో సారా గురించి పాఠాలు ఉన్నాయి. అవి చదివిన దూబగుంట మహిళలు సారా దుకాణం మీద తిరగబడ్డారు. పత్రికలు ఆ కబురును ఊరూరా చేర్చాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. దీన్ని పత్రికల విజయం అనడం సగం నిజమే. వాచకం రాసినవాళ్ళు చేసిందీ కమ్యూనికేషనే: వినేవాళ్ళ బతుకు తెలుసుకుని, వాళ్ళ ఇంటి బాధనే వాళ్ళ మాటల్లో పాఠం చేశారు. పాఠ్యపుస్తకాల్లో సిద్ధాంతంగా చదివేదానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ మన పిల్లలకు అక్కర్లేదు.

భాష దగ్గర నాకు గట్టి పట్టింపు ఉంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. మిగతా సబ్జెక్టుల సంగతి ఎలా ఉన్నా, కమ్యూనికేషన్ విద్యార్థికి ఇది నేరుగా తగిలే సమస్య. నోట్సు ఇంగ్లీషులో రాసుకుని, పరీక్ష ఇంగ్లీషులో రాసి, బయటికొచ్చాక తెలుగు డెస్కులో కూర్చోవాలి. ఇంగ్లీషు తప్పకుండా రావాలి. కోర్టు తీర్పు, ప్రభుత్వ నివేదిక, పరిశోధన పత్రం అన్నీ అందులోనే ఉంటాయి. అయితే రాయవలసింది తెలుగులో, అదీ ఇక్కడి జనం ఎరిగిన తెలుగులో. ఈ సీమలో రైతు వానను మిల్లీమీటర్లలో కొలవడు, పదునైందా లేదా అంటాడు. ఉల్లిపాయల్ని ఎర్రగడ్డలంటారు. పలమనేరు, కుప్పం వైపు మాటలో కన్నడం, నగరి వైపు మాటలో అరవం కలిసి ఉంటాయి. ఈ యాసను నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగా కథల్లో పత్రిక పేజీలకెక్కించి, దానితో ఏదైనా చెప్పవచ్చని చూపించారు. ఆయన పనిచేసింది కూడా పత్రికల్లోనే. ఆ వారసత్వం ఉన్న చోట విలేకరి పత్రికా ప్రకటనను ఎత్తిరాసే తెలుగుతో సరిపెట్టుకోవడం చాలా బాధ కలిగిస్తుంది.

గొప్ప జర్నలిస్టులు జర్నలిజం చదివారా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కరువు జిల్లాల నుంచి రాసి దేశాన్ని కదిలించిన పాలగుమ్మి సాయినాథ్ చదివింది చరిత్ర. అయితే ఈ ఉదాహరణ చెప్పేదేమిటి? చదువు అక్కర్లేదని కాదు, ఒక విషయం మీద లోతు ఉండాలని. అందుకే నా సలహా: కమ్యూనికేషన్‌తో పాటు ఆర్థికశాస్త్రమో, రాజనీతో, చరిత్రో, విజ్ఞానశాస్త్రమో ఒకటి గట్టిగా పట్టుకోవాలి. పని కూడా నేర్పితే తప్ప రాదని పత్రికలే తేల్చాయి. ఈనాడు 1982లో తిరుపతి నుంచి రావడం మొదలై, 1989లో జిల్లా పేజీలు పెట్టాక ఊరూరా విలేకరులు కావలసి వచ్చారు. తర్వాత ఆ సంస్థే సొంతంగా జర్నలిజం పాఠశాల పెట్టుకుని, స్టైపెండ్ ఇచ్చి డిగ్రీ పిల్లలకు మొదటి నుంచీ నేర్పిస్తోంది.

జీతాల మాట అంతకంటే కష్టమైన అభ్యంతరం. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం లేదు, అచ్చయిన పంక్తుల లెక్కన డబ్బిచ్చే లైన్ అకౌంటే. పైగా ప్రకటనల టార్గెట్లు. వార్త రాసే చేతితోనే ప్రకటన అడగాలంటే నిజం ఎలా నిలుస్తుంది? దీన్ని దాచి పిల్లల్ని ఈ చదువులో చేర్పించడం తప్పు. అయితే ఈ చదువు విలేకరి ఉద్యోగం దగ్గరే ఆగదు. తిరుపతిలోనే టీటీడీ సప్తగిరి పత్రిక ఉంది, 2008లో మొదలైన ఎస్వీబీసీ చానల్ ఉంది, ఆకాశవాణి కేంద్రం ఉంది. జిల్లా పౌర సంబంధాల శాఖ, ఆసుపత్రులు, వ్యవసాయ విస్తరణ, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన సంస్థలు అన్నిటికీ జనంతో మాట్లాడగలవాళ్ళు కావాలి. సంపాదన మొదట్లో సాఫ్ట్‌వేర్‌తో పోటీ పడదు. అది తెలిసే రావాలి.

ఇక కృత్రిమ మేధ వార్తలు రాసేస్తుంటే మనుషులెందుకన్న ప్రశ్న. పత్రికా ప్రకటనను వార్తగా మార్చే పని యంత్రానికి పోతుంది, పోనివ్వండి. రాయలచెరువు కట్ట మీదికి వెళ్ళి నిలబడేది మనిషే. మండీలో కాటా దగ్గర రైతు మొహం చూసి రెండో ప్రశ్న అడిగేదీ మనిషే. పైగా ఒకప్పుడు వీడియో చివర కత్తిరించినవాళ్ళు రేపు వీడియోనే పుట్టించగలరు. నిజం తేల్చే నేర్పు తెలిసినవాళ్ళ అవసరం అందువల్ల పెరుగుతుంది.

తిరుపతిలో ఆడపిల్లలకు ఒక మంచి వీలుంది. 1983లో మొదలైన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది. ఏదో ఒక సబ్జెక్టులో గట్టిగా డిగ్రీ చేసి, అక్కడ పీజీకి వెళ్ళడం తెలివైన దారి. ఇంటర్ కాగానే చేరాలనుకునేవాళ్ళు డిగ్రీలో ఇంటర్న్‌షిప్‌ను వాడుకోవాలి. 2020-21 నుంచి మన డిగ్రీలో అది తప్పనిసరి. మొదటి ఏడాది అయ్యాక ఊళ్ళోకి వెళ్ళి సర్వే చేసే సామాజిక సేవా ప్రాజెక్టు కూడా అందులో భాగమే. దాన్ని సంతకాల తంతుగా ముగించకుండా ఊళ్ళో పది ఇళ్ళు తిరిగి, విన్నది రాస్తే అదే మొదటి రిపోర్టింగ్ పాఠం అవుతుంది.

కాలేజీలో చేర్చే ముందు తల్లిదండ్రులకు ఒక మాట. స్టూడియో అద్దాలు, కెమెరాల ధరలు చూపిస్తారు. అవి చూసి ఆగిపోకండి. కిందటి నెల ఇక్కడి విద్యార్థులు స్వయంగా తిరిగి రాసి, అచ్చు వేసిన పత్రిక ఏదీ అని అడగండి. అది చేతికిస్తే, అందులో ఆ ఊరి వార్త ఒక్కటైనా ఉంటే, పిల్లల్ని చేర్చండి.