చేతిలో రిమోట్ లేకుండా వీడియో గేమ్: ప్రచారం ఎంత, నిజం ఎంత?

ఈద్ అయిపోయాక పిల్లలు ఈదీ లెక్కపెట్టుకుంటారు. నానీ ఇచ్చింది, మామూ ఇచ్చింది, ఖాలా ఇచ్చింది అన్నీ కలిపి "ఏం కొందాం?" అని కూర్చుంటారు. ఇప్పుడు మండిబజార్‌లోనైనా, సుబేదారిలోనైనా, కాజీపేటలోనైనా కొన్ని ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది. "అబ్బూ, టీవీ ముందు నిలబడి ఆడే గేమ్ కొనివ్వండి. చేతిలో ఏమీ పట్టుకోనక్కర్లేదు. మనం గెంతితే టీవీలో బొమ్మ గెంతుతుంది. ఎక్సర్‌సైజ్ కూడా అయిపోతుంది."

వినగానే తల్లిదండ్రులకూ నచ్చుతుంది. మెడ వంచుకుని మూడు గంటలు ఫోన్‌లో మునిగిపోయే పిల్లాడి కంటే, టీవీ ముందు చేతులూ కాళ్లూ ఆడించే పిల్లాడు నయమే కదా! కానీ ఖర్చు వేలల్లో ఉంటుంది. పైగా ఆడాలంటే హాల్లో ఒక కెమెరా పెట్టాలి. అందుకే కొనేముందు అసలు సంగతి తెలుసుకోవడం మంచిది.

ఇది కొత్త వాగ్దానమేమీ కాదు. పదిహేనేళ్ల కిందటే ప్రపంచంలోని అతి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటి ఇదే మాట చెప్పి, కోట్లలో అమ్మి, చివరికి తయారీయే ఆపేసింది. ఆ కథ తెలిస్తే ఇప్పటి ప్రకటనలను ఎలా చూడాలో అర్థమవుతుంది.

మొదట మాట ఇచ్చింది ఎవరు?

2003లోనే సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 2 కోసం 'ఐటాయ్' అనే చిన్న కెమెరా తెచ్చింది. 2006లో నింటెండో 'వీ' వచ్చింది. అందులో చేతిలో రిమోట్ పట్టుకుని ఊపాలి. 2009 జూన్ 1న అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మైక్రోసాఫ్ట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. చేతిలో ఏమీ వద్దు, మీ ఒళ్లే మీ రిమోట్ అని ప్రకటించింది. ఆ ప్రచార వీడియోలో కుటుంబమంతా సోఫా ముందు నిలబడి హాయిగా ఆడుతుంటారు. మైలో అనే బొమ్మ పిల్లాడిని కూడా అప్పుడే చూపించారు. మనం మాట్లాడితే వాడు మన గొంతు, మన మొహం చూసి జవాబిస్తాడన్నారు. ఆ మైలో ఆట ఎప్పటికీ మార్కెట్‌లోకి రాలేదు.

ఆ పరికరం పేరు కినెక్ట్. 2010 నవంబర్ 4న అమెరికాలో దాదాపు 150 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. అదే నెలలో మన దేశానికీ వచ్చింది. మొదటి 60 రోజుల్లోనే 80 లక్షలు అమ్ముడైంది. అంత వేగంగా అమ్ముడైన ఎలక్ట్రానిక్ వస్తువు అప్పటికి ఇంకొకటి లేదని గిన్నిస్ బుక్ రాసుకుంది. అంటే ప్రచారం బ్రహ్మాండంగా పనిచేసింది. వస్తువు ఎంత పనిచేసిందన్నది వేరే లెక్క.

ఎలా పనిచేస్తుంది?

వంటింట్లో జల్లెడ ఉంటుంది కదా. చీకట్లో దాని వెనక టార్చ్ పెడితే గోడ మీద చుక్కలు చుక్కలుగా వెలుగు పడుతుంది. గోడకు ముందు ఒక మనిషి వచ్చి నిలబడితే, అతని మీద పడిన చుక్కలు ఉన్నచోటు నుంచి కాస్త పక్కకు జరిగినట్టు కనిపిస్తాయి. ఎంత జరిగాయో చూస్తే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పొచ్చు.

మొదటి కినెక్ట్ చేసిందీ ఇదే. కాకపోతే దాని టార్చ్ వెలుగు కంటికి కనిపించదు. టీవీ రిమోట్‌లో ఉండే ఇన్‌ఫ్రారెడ్ లాంటి వెలుగు అది. ఒకవైపు నుంచి చుక్కలు వేస్తుంది, పక్కనున్న కెమెరాతో వాటిని చూస్తుంది, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో లెక్క కడుతుంది. ఈ టెక్నాలజీ ప్రైమ్‌సెన్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీది. ఆ తర్వాత పని సాఫ్ట్‌వేర్‌ది. తల ఎక్కడ, మోచెయ్యి ఎక్కడ, మోకాలు ఎక్కడ అని ఒంట్లో 20 చోట్లను సెకనుకు 30 సార్లు గుర్తుపడుతుంది. లక్షల కొద్దీ భంగిమలు చూపించి దానికి ఈ విద్య నేర్పారు.

మరి తేడా ఎక్కడొచ్చింది?

మొదటిది స్థలం. ఒక్కరు ఆడాలంటే కెమెరాకు ఆరడుగుల దూరంలో, ఇద్దరు ఆడాలంటే ఎనిమిది అడుగుల దూరంలో నిలబడాలి. చేతులు చాపడానికి పక్కన ఇంకాస్త చోటు కావాలి. ప్రకటనల్లో కనిపించే అమెరికా ఇంటి హాల్ వేరు, మన ఇల్లు వేరు. పది బై పన్నెండు హాల్లో ఒక దివాన్, రెండు కుర్చీలు, మూలన ఫ్రిజ్, కిటికీ పక్కన అమ్మీ కుట్టు మిషన్. ఇవన్నీ పోను మిగిలేది ఎంత? ప్రతిసారీ దివాన్ జరిపి ఆడాలంటే నాలుగో రోజుకే పిల్లలకు విసుగొస్తుంది.

రెండోది ఆలస్యం. కెమెరా చూడాలి, సాఫ్ట్‌వేర్ లెక్క కట్టాలి, టీవీ చూపించాలి. ఇంతలో సుమారు సెకనులో పదో వంతు గడిచిపోతుంది. డాన్స్ ఆటలో అది పెద్దగా తెలియదు. క్రికెట్ తీసుకోండి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి అర సెకను లోపే బ్యాట్స్‌మన్ దగ్గరకు వచ్చేస్తుంది. అందులో పదో వంతు సెకను పోతే ఉన్న టైమ్‌లో ఐదో వంతు పోయినట్టే. "నేను కొట్టాను, అది తీసుకోలేదు" అని పిల్లలు గొడవ పడేది అందుకే.

మూడోది, చేతిలో ఏమీ లేకపోవడమే. దేన్ని గొప్పగా చెప్పుకున్నారో అదే ఇబ్బంది. బటన్ లేకపోతే బొమ్మను ముందుకు నడిపించడం ఎలా? గాలిలో స్టీరింగ్ పట్టుకుని పది నిమిషాలు కారు తోలి చూడండి, భుజాలు లాగేస్తాయి. అందుకే డాన్స్, బౌలింగ్, యోగా, బంతి పట్టుకోవడం లాంటి ఆటలు బాగా కుదిరాయి. మిగతావి తేలిపోయాయి.

నాలుగోది బట్టలు. ప్రకటనల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు. కెమెరా మోకాలు ఎక్కడుందో చూడాలంటే కాలు కనిపించాలి. లుంగీ, పొడవాటి కుర్తా, బుర్ఖా, వేలాడే దుపట్టా ఉంటే దానికి ఊహే దిక్కు. ఊహ తప్పితే టీవీలో బొమ్మ కాళ్లు వంకర్లు పోతాయి. ఒంటికి అతికినట్టుండే బట్టలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఆట మన ఇళ్లలో అందరికీ ఒకేలా పనిచేయదు.

ఐదోది ఎండ. సూర్యకాంతిలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. వేసవి మధ్యాహ్నం కిటికీలోంచి హాల్లోకి ఎండ పడితే ఆ చుక్కలు అందులో కలిసిపోతాయి. అప్పుడు పర్దా వేసుకుని ఆడాల్సిందే.

పైకి లేచింది, కింద పడింది

2013 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ తెచ్చింది. కినెక్ట్ వద్దన్నా సరే, అదే డబ్బాలో కలిపి 499 డాలర్లు పెట్టింది. పోటీగా వచ్చిన ప్లేస్టేషన్ 4 ధర 399. పైగా కెమెరా తగిలించకపోతే మెషినే పనిచేయదని మొదట్లో చెప్పారు. అదే ఏడాది జూన్‌లో అమెరికా ప్రభుత్వ నిఘా గుట్టును ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టాడు. "మా హాల్లో ఎప్పుడూ చూస్తూ, వింటూ ఉండే కెమెరా ఎందుకు?" అని జనం అడిగారు. ఆగస్టు నాటికి కంపెనీ ఆ షరతు వెనక్కి తీసుకుంది.

2014 ఫిబ్రవరి 4న మన హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యారు. ఆ ఏడాది మే 13న, కినెక్ట్ లేకుండా 399 డాలర్లకే ఎక్స్‌బాక్స్ ఇస్తామని కంపెనీ ప్రకటించింది. సెప్టెంబర్‌లో అది మన దేశానికి వచ్చినప్పుడు కినెక్ట్ లేకుండా 39,990 రూపాయలు, కినెక్ట్‌తో 45,990 రూపాయలు. ఆరు వేలు ఎక్కువ పెట్టి కెమెరా ఎందుకన్న ప్రశ్న సహజంగానే వచ్చింది.

ఇక్కడే అసలు చిక్కు. అందరి దగ్గరా కెమెరా లేకపోతే దాని కోసం ఆటలు చేసేవాళ్లు తగ్గుతారు. ఆటలు లేకపోతే కెమెరా కొనేవాళ్లు తగ్గుతారు. 2017 అక్టోబర్‌లో తయారీ ఆపేశారు. అప్పటికి సుమారు మూడున్నర కోట్లు అమ్ముడయ్యాయి.

అలాగని ఆ కెమెరా పనికిరానిదని కాదు. రోబోలు తయారుచేసే ఇంజినీరింగ్ విద్యార్థులు దాన్ని చవకైన కన్నుగా వాడుకున్నారు. ఆపరేషన్ థియేటర్‌లో డాక్టర్లు గ్లవ్స్ వేసుకున్న చేతితో ఏదీ ముట్టుకోకుండా స్కాన్ చిత్రాలు తిప్పి చూడటానికి వాడారు. ప్రైమ్‌సెన్స్‌ను 2013లో ఆపిల్ కొనేసింది. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్ మొహం చూసి లాక్ తీసేదీ ఇలాంటి కనిపించని చుక్కలతోనే. పరికరం మంచిదే. ఇంటిల్లిపాదికీ అన్ని ఆటలూ ఆడిస్తుందన్న మాటే ఎక్కువైంది.

ఇప్పుడు ఏం మారింది?

ఇప్పుడు చుక్కలు అక్కర్లేదు. మామూలు కెమెరా బొమ్మలోంచే మోచెయ్యి, మోకాలు ఎక్కడున్నాయో ఏఐ గుర్తుపట్టేస్తోంది. 2023 చివర్లో అమెరికాలో నెక్స్ ప్లేగ్రౌండ్ అనే చిన్న డబ్బా వచ్చింది. టీవీకి తగిలిస్తే చాలు, చిన్నపిల్లల ఆటలు ఆడొచ్చు. అమెరికాలో ఉన్న బంధువులు వచ్చేటప్పుడు తెస్తామని అడిగేది ఇలాంటివే.

గుర్తుపట్టడం మెరుగైంది, డబ్బా చిన్నదైంది. కానీ హాల్ పెద్దది కాలేదు, బటన్ లేని ఇబ్బంది పోలేదు. పైగా మామూలు కెమెరాకు గదిలో మంచి వెలుతురు ఉండాలి. చాలా ఆటలకు ఏటా చందా కట్టాలి. డబ్బా ధర చూసి మురిసిపోకుండా ఆ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి.

ఇంట్లో ఆడవాళ్లు, హాల్లో కెమెరా

కెమెరా ఆడేవాళ్లను ఒక్కరినే చూడదు. వెనక నుంచి దుపట్టా లేకుండా వెళ్లే అక్కను, చాప మీద పడుకున్న దాదీని కూడా చూస్తుంది. పాత కినెక్ట్‌తో ఇచ్చిన ఆటే మధ్యమధ్యలో ఫొటోలు తీసి చివర్లో చూపించేది. సరదాకే అయినా మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి కొనేముందు అడగాల్సినవి అడగండి. వీడియో డబ్బాలోనే ఉంటుందా, ఇంటర్నెట్ ద్వారా బయటకు పోతుందా? ఫొటోలు తీయడం ఆపేయొచ్చా? కెమెరాకు మూత ఉందా? ఆడనప్పుడు మూత వేయండి, లేదా ప్లగ్ తీసేయండి. వంటింటి వైపు, లోపలి గది తలుపు వైపు చూసేలా పెట్టకండి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి పేజీలో చదవకుండా 'ఓకే' నొక్కేది మనమే.

మరి ఎక్సర్‌సైజ్ అవుతుందా?

కూర్చుని ఆడే గేమ్ కంటే తప్పకుండా ఎక్కువే అవుతుంది. కానీ గ్రౌండ్‌లో పరుగుకు సమానం కాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేతులు మాత్రమే ఊపే ఆటలతో ఆ లెక్క తీరదు. మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లయితే గెంతే ఆటల ముందు డాక్టర్‌ను అడగాలి. నున్నటి టైల్స్ మీద సాక్సులతో ఆడటం అసలు వద్దు.

ఇంకో మాట నిజాయితీగా చెప్పుకోవాలి. అబ్బాయికి గల్లీ క్రికెట్ ఉంది, హన్మకొండ జేఎన్ స్టేడియం ఉంది, భద్రకాళి చెరువు కట్ట ఉంది. పద్నాలుగేళ్ల అమ్మాయికి ఏముంది? స్కూల్ నుంచి వచ్చాక చాలా ఇళ్లలో ఆమె ఆట అక్కడితో ఆగిపోతోంది. అలాంటి అమ్మాయికి, అక్కచెల్లెళ్లతో కలిసి తలుపు వేసుకుని అరగంట గెంతే ఆట ఒట్టి షోకు కాదు. ప్రచారంలో చెప్పినదాంట్లో సగమే నిజమైనా, ఆ సగం ఆమెకు పనికొస్తుంది. అలాగని దాంతోనే సరిపెట్టేసి, ఆడపిల్లలు ఆడుకునే చోటు గురించి ఆలోచించడం మానేయకూడదు.

కొనేముందు ఈ నాలుగూ చూడండి

ఒకటి, టేపు తీసుకుని టీవీ నుంచి కొలవండి. ఆరడుగుల ఖాళీ లేకపోతే అక్కడితో ఆపేయండి.

రెండు, సెకండ్‌హ్యాండ్‌లో పాత ఎక్స్‌బాక్స్ 360, కినెక్ట్ చవకగా దొరకొచ్చు. కానీ దాని ఆన్‌లైన్ స్టోర్‌ను 2024 జూలైలో మూసేశారు. డిస్కులు దొరికితేనే కొత్త ఆటలు. పైగా 360 కినెక్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌కు పనిచేయదు, దానిది దీనికి పనిచేయదు. షాపులోనే తగిలించి, ఆడి చూసి తీసుకోండి.

మూడు, ఇంట్లో వేసుకునే బట్టలతోనే ఆడి చూడండి.

నాలుగు, ఎవరి కోసం కొంటున్నారో ముందే అనుకోండి. ఫోన్‌లో షూటింగ్ గేమ్‌లకు అలవాటుపడిన పెద్ద పిల్లాడు వారంలో దీన్ని పక్కన పెట్టేస్తాడు. ఆరేళ్ల తమ్ముడు, చెల్లెలు, ఈద్‌కు వచ్చే చుట్టాల పిల్లలు మాత్రం హాయిగా ఆడతారు.

ఈ లెక్కలన్నీ కుదిరితే కొనండి, తప్పులేదు. కుదరకపోతే ఆ ఈదీతో రెండు షటిల్ బ్యాట్లు, ఒక డబ్బా కాక్‌లు కొని మేడ మీదకు పంపండి. చందా కట్టక్కర్లేదు, కెమెరా కూడా ఉండదు.