గంట ప్రయాణంలో ఒక పాత ఐరోపా పట్టణం

నేటి మన పిల్లలకు ఐరోపా అంటే ఫోను తెరపై కనిపించే రాతి వీధులు, గడియార స్తంభాలు, నదీ తీరాన పెంకుటిళ్లు. సెలవులు రాగానే 'మనమెప్పుడు వెళతాం?' అని అడుగుతారు. విమాన ఛార్జీలు, వీసా ఖర్చులు మనసులోనే లెక్క వేసుకొని తల్లిదండ్రులు మాట మారుస్తారు. కానీ విశాఖపట్నం నుంచి సముద్రతీరం వెంట ఉత్తరంగా పాతిక కిలోమీటర్లు వెళితే, ఐరోపా వాసులు తరతరాలుగా బతికి, వ్యాపారం చేసి, చివరకు మట్టిలో కలిసిన ఊరు ఒకటి ఉంది. అదే భీమునిపట్నం. జనం నోట భీమిలి. ఆంగ్లేయుల కాగితాల్లో బిమ్లిపటం.

భూమిలో సంచరించి, గతించిన జాతుల పర్యవసానం ఏమయిందో గమనించమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు మానవులను ప్రబోధిస్తుంది. ఆ దృష్టితో బయలుదేరితే ఒక్క పూట విహారం కూడా పిల్లలకు పాఠమవుతుంది.

దారి పొడవునా చరిత్రే

రైల్వే స్టేషను నుంచి 900కె సిటీ బస్సు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళుతుంది. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. కైలాసగిరి, రుషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది. రెండు వేల ఏళ్ల క్రితం బౌద్ధ భిక్షువులు నివసించిన ఆరామం అది. వాన నీటిని నిల్వ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. ఇక్కడి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే డచ్చి ఓడలు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఐరోపా సొమ్ము ఈ తీరానికి చేరిందన్నమాట.

భీమిలి సమీపిస్తుండగా ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి. గాలి, ఇసుక, వాన కలిసి వేల ఏళ్లపాటు మలచిన ఈ దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. మానవుని కోటలకు వయసు వందల్లో ఉంటే, సృష్టికర్త ఏర్పాట్లకు వేలల్లో ఉంటుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు.

అనుమతి కోరి వచ్చినవారు

డచ్చివారి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. కొద్ది కాలంలోనే వారి ఓడలు మచిలీపట్నం చేరాయి. ఆనాడు ఈ తీరం గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. విదేశీయులు వ్యాపారం చేసుకోవాలంటే సుల్తాను ఫర్మానా ఉండాలి. తెలుగు నేతగాళ్ల బట్టకు ఆగ్నేయాసియా దీవుల్లో గిరాకీ ఉండేది. ఆ బట్ట ఇచ్చి అక్కడ సుగంధ ద్రవ్యాలు కొని, వాటిని ఐరోపాలో అమ్ముకోవడం వారి వ్యాపార రహస్యం. ఆ క్రమంలోనే 17వ శతాబ్దంలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట, భీమునిపట్నంలో వారు స్థిరపడ్డారు.

గిడ్డంగి కోసం వచ్చినవారు క్రమంగా కోట కూడా కట్టుకున్నారు. గోల్కొండ రాజ్యం 1687లో అంతరించింది. ఆ తరువాత స్థానిక పాలకుల కలహాల నడుమ విదేశీ కంపెనీల బలం పెరుగుతూ వచ్చింది. 1824లో లండన్‌లో ఆంగ్లేయులు, డచ్చివారు ఒక ఒడంబడిక చేసుకున్నారు. సుమత్రా దీవిలోని ఆంగ్లేయ స్థావరాలు డచ్చివారికి, భారతదేశంలోని డచ్చి స్థావరాలు ఆంగ్లేయులకు! ఆ మార్పిడిలో భాగంగా మరుసటి ఏడాది భీమునిపట్నం చేతులు మారింది. ఇక్కడి నేతగాడిని, పల్లెకారుణ్ని, పడవవాణ్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. తన ఊరి పగ్గాలు తన చేతిలో లేనివాడికి పట్టే గతి ఇదే.

రాళ్ల మీది పేర్లు

తీరానికి దగ్గరలోనే డచ్చివారి శ్మశానవాటిక ఉంది. ఎత్తయిన గోపురాల్లాంటివి కొన్ని, నేలబారు రాతి పలకలు కొన్ని. వాటిపై డచ్చి భాషలో చెక్కిన పేర్లు, తేదీలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. ఒకనాడు ఈ తీరంలో సరుకు ధర నిర్ణయించినవారు, సముద్రాల మీద జెండాలు ఎగరేసినవారు వీరే. ఈనాడు వీరి పేరు చదవగలిగినవారు ఊళ్లో కనబడరు.

సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. ఆ జ్ఞాపకం కలగడానికి, మట్టిలో ఉన్నవారు ఏ దేశస్థులన్నది అడ్డు రాదు. అక్కడ నిలబడితే ఐరోపా వైభవం మీద పిల్లల మోజు కొంత సర్దుకుంటుంది. అలాగే, కన్నవారికి దూరంగా పరాయి గడ్డపై కన్నుమూసినవారి పట్ల జాలి కూడా కలుగుతుంది. గల్ఫ్ దేశాల్లో మనవారు ఎందరో ఉన్న ఈ రోజుల్లో ఆ జాలి మనకు మరీ సులువుగా అర్థమవుతుంది.

గోగునార ఊరు

ఆంగ్లేయుల కాలంలో భీమిలి మరింత ఎదిగింది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. సెయింట్ పీటర్స్ చర్చి, దీపస్తంభం, గడియార స్తంభం నేటికీ పాత వైభవాన్ని తలపిస్తాయి. మన వంటింటి గోంగూరకు చెందిన గోగు మొక్క నారను ప్రపంచ విపణిలో 'బిమ్లి జనుము' అని పిలిచేవారంటే ఈ రేవుకు ఎంత పేరుండేదో ఊహించవచ్చు. మనం మాంసంలో వేసి వండుకునే ఆకు, ఒక ఊరి పేరును సముద్రాలు దాటించింది!

అయితే భీమిలిలో ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకును పడవల్లో చేరవేయవలసి వచ్చేది. 1933లో విశాఖపట్నంలో, కొండల చాటున, ఓడలు నేరుగా గట్టుకు ఆనుకునే రేవు ప్రారంభమైంది. వ్యాపారమంతా అటు తరలిపోయింది. విశాఖ మహానగరమయింది, ఉక్కు కర్మాగారం వచ్చింది. భీమిలి విశ్రాంతి తీసుకుంటున్న వృద్ధునిలా మిగిలిపోయింది. కలిమి ఒక రేవులో శాశ్వతంగా లంగరు వేసుకొని కూర్చోదు. నేడు కళకళలాడుతున్న నగరాలకూ ఈ మాట వర్తిస్తుంది.

వెళ్లేవారికి నాలుగు మాటలు

ఫజర్ నమాజు కాగానే బయలుదేరితే ఎండ ముదరక ముందే తొట్లకొండ, దిబ్బలు చూడవచ్చు. జుహర్ వేళకు భీమిలి చేరి, ఊళ్లో మసీదు ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి. నమాజును కుదించుకునేంత ప్రయాణం ఇది కాదన్నది అధిక సంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం కనుక పూర్తిగానే చేసుకోవాలి. ఇంటి నుంచి భోజనం, నీళ్లు తీసుకువెళితే ఖర్చు తగ్గుతుంది. నది సముద్రంలో కలిసే చోట ప్రవాహం నమ్మరానిది. పిల్లలను నీళ్లలోకి దిగనివ్వరాదు. చెత్తను తిరిగి సంచిలో వేసుకొని రావాలి. సమాధి రాళ్లపై ఎక్కడం, పేర్లు గీయడం చేయకుండా చూడాలి. మృతులను గౌరవించడం మన ధర్మం. ఆ రాళ్లు పోతే చరిత్రకు సాక్ష్యమూ పోతుంది.

ఇంటికి వచ్చాక పిల్లల చేత చూసినవన్నీ ఒక కాగితం మీద రాయించండి. ఎవరు వచ్చారు, ఏమి ఆశించి వచ్చారు, ఏమి మిగిల్చి పోయారు అన్న మూడు ప్రశ్నలు చాలు. జవాబులు వెతుక్కుంటూ వారే మరోసారి భీమిలి వెళదామంటారు.