నిందార్థక ఆంగ్ల క్రియల ఎంపిక: తెలుగు వాక్యనిర్మాణం ఇచ్చే సూచనలు

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధన వ్యాసానికి ఆంగ్ల సంగ్రహం రాసేటప్పుడు ఆరోపించు, విమర్శించు, నిందించు, ఫిర్యాదు చేయు, ఖండించు అనే క్రియలకు సరైన సమానార్థకం ఎంచుకోవడం తరచుగా చిక్కు తెస్తుంది. అర్థతీవ్రత ఒక్కటే దీనికి కొలమానం కాదు. ఎంపిక తప్పితే మూలంలో వివాదాస్పదమైన విషయం ఆంగ్లంలో జరిగిన వాస్తవంగా మారిపోతుంది.

2. అక్యూజ్, క్రిటిసైజ్

అమెరికన్ భాషాశాస్త్రవేత్త చార్లెస్ జె. ఫిల్‌మోర్ 1971లో ప్రచురితమైన 'వెర్బ్స్ ఆఫ్ జడ్జింగ్' వ్యాసంలో ఇటువంటి క్రియలను విశ్లేషించాడు. వక్త ముందే అంగీకరించిన అంశం ఏది, కొత్తగా ప్రతిపాదించే అంశం ఏది అన్నదే ఆ విశ్లేషణకు కీలకం. ఒక సంపాదకుడు గ్రంథపీఠికను తొలగించిన సందర్భాన్ని ఊహిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. 'అక్యూజ్' వాడితే తొలగింపు తప్పన్నది ముందే అంగీకరించినది. ఆ పని చేసినది సంపాదకుడే అన్నది ప్రతిపాదన. 'క్రిటిసైజ్' వాడితే అతడు తొలగించాడన్నది ముందే అంగీకరించినది. అది తప్పన్నది ప్రతిపాదన. మొదటిదానికి 'ఆఫ్', రెండోదానికి 'ఫర్' విభక్తి స్థానంలో వస్తాయి.

3. తెలుగులో 'అని', 'ఇనందుకు'

"పీఠికను తొలగించాడని ఆరోపించాడు", "పీఠికను తొలగించినందుకు విమర్శించాడు" అనే వాక్యాలలో ఇదే భేదం కనిపిస్తుంది. 'అని' పరోక్తిని నివేదిస్తుందే తప్ప దాని సత్యానికి పూచీపడదు. 'ఇనందుకు' జరిగిన పనిని హేతువుగా చూపుతుంది. అయితే "నిధులు దారి మళ్లించారని విమర్శించారు" వంటి వాక్యాలు పత్రికాభాషలో సర్వసాధారణం. అక్కడ క్రియ విమర్శించుటే అయినా చేసినది ఆరోపణ. దానిని 'క్రిటిసైజ్' అని అనువదిస్తే నిధుల మళ్లింపు జరిగినట్లు అనువాదకుడే ఒప్పుకున్నట్లవుతుంది. 'అక్యూజ్' లేదా 'అలెజ్' అక్కడ ఉచితం. సాహిత్యరంగంలో విమర్శించు అంటే గుణదోష విచారణ చేయడం కనుక అక్కడ 'ఎవాల్యుయేట్' మేలు.

4. తక్కిన క్రియలు

'బ్లేమ్' వాడినప్పుడు చెడు జరిగిందన్నది నిర్వివాదం; బాధ్యత ఎవరిదన్నదే ప్రశ్న. ఈ నింద మనసులోనే ఉండవచ్చు, వర్షంపైనా వేయవచ్చు. 'అక్యూజ్' సాధారణంగా వ్యక్తులకు, సంస్థలకు వర్తిస్తుంది. 'కంప్లెయిన్' ప్రధానంగా ఫిర్యాదుదారుని అసంతృప్తిని తెలుపుతుంది. కారకుడు దీనికి నేరుగా కర్మ కాడు. ఎవరికి చెప్పారో 'టు'తో, దేని గురించో 'అబౌట్'తో చెప్పాలి.

'ఖండించు' మరింత జాగ్రత్త కోరుతుంది. దాడిని ఖండిస్తే 'కండెమ్'; తనపై వచ్చిన వార్తను ఖండిస్తే 'డినై'. సిద్ధాంతాన్ని ఆధారాలతో తప్పని నిరూపిస్తే 'రెఫ్యూట్'. నిరూపణ లేక నిరాకరిస్తే 'రిజెక్ట్'. పూర్వపరిశోధకుని వాదాన్ని ఖండించిన చోట 'కండెమ్' రాస్తే శాస్త్రచర్చ నైతికదూషణగా ధ్వనిస్తుంది.

5. ముగింపు

కాబట్టి క్రియను ఎంచుకునే ముందు మూలవాక్యంలో మూడు అంశాలు పరిశీలించాలి: పని జరిగిందన్నది అంగీకృతమా, దాని చెడుతనం అంగీకృతమా, కర్తృత్వం అంగీకృతమా. వీటిలో వివాదంలో ఉన్నదేదో తేలితే తగిన క్రియ తేలుతుంది. ఇతరులపై వచ్చిన ఆరోపణను ఆరోపణగానే అందించడం పరిశోధకుని భాషాబాధ్యతే కాక నైతికబాధ్యత కూడా.