వాడితేనే పేరు మనది!

కాగజ్‌నగర్... ఊరి పేరులోనే కాగితం ఉంది. నిజాం కాలంలో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు చుట్టూ పెరిగిన ఊరది. 2014లో మిల్లు ఆగింది. కార్మికుల ఇళ్లలో పొయ్యి వెలగడమే కష్టమైంది. చివరికి దివాలా చట్టం కింద 2018లో జేకే పేపర్ సంస్థ దాన్ని తీసుకుంది. యజమాని మారినా పేరు మాత్రం సిర్పూర్ పేపర్ మిల్లే!

ఫ్యాక్టరీకి తాళం పడితే యంత్రాలకు తుప్పు పడుతుంది. మరి, రిజిస్టర్ చేయించుకున్న సరుకు పేరుకో? దానికీ పడుతుంది. ట్రేడ్‌మార్కుల చట్టం(1999) 47వ సెక్షన్ చెప్పేది అదే. వరసగా అయిదేళ్లకు పైగా వాడని పేరును రిజిస్టర్ నుంచి తొలగించమని, దానివల్ల ఇబ్బంది పడుతున్నవారు ఎవరైనా దరఖాస్తు చేయొచ్చు. దరఖాస్తుకు ముందటి మూడు నెలలు లెక్కలోకి రావు. అంటే, ముప్పు వస్తోందని తెలిసి హడావుడిగా నాలుగు ప్యాకెట్లు అమ్మితే ఫలితం ఉండదన్నమాట. పదేళ్లకోసారి రెన్యువల్ చేయించినా సరే, నిజమైన వాడకం ఉండాల్సిందే.

అయితే ఓ మినహాయింపు ఉంది. ఆ వ్యాపారానికే అడ్డంకి వచ్చి ఆగితే వదులుకున్నట్టు కాదు. ఆస్ట్రేలియాకు చెందిన హార్డీ ట్రేడింగ్ కంపెనీ 'స్పార్టన్' రంగుల కేసులో 2003లో సుప్రీంకోర్టు తేల్చిందదే. దిగుమతి ఆంక్షల వల్ల సరుకు రాలేదు తప్ప, పేరు వదులుకునే ఉద్దేశం ఆ సంస్థకు లేదంది. కానీ యజమాని సొంత అప్పులూ తగాదాలూ మాత్రం సాధారణంగా ఈ లెక్కలోకి రావు.

నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీల సంగతి వేరు. వాటికున్నది భౌగోళిక గుర్తింపు(జీఐ). అది ఏ ఒక్కరి సొత్తూ కాదు... అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ వీల్లేదు. దాన్నీ పదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. వాడుకలోంచి పోయిన పేరుకైతే ఆ చట్టం రిజిస్ట్రేషనే ఇవ్వదు.

అందుకే చిన్న వ్యాపారులు బిల్లులూ ప్యాకెట్లూ ప్రకటనలూ తేదీలతో సహా దాచుకోవాలి. రేపు పేరు నిలబెట్టే సాక్ష్యాలు అవే. నిర్మల్‌లో మాత్రం సాక్ష్యం కాగితాల్లో ఉండదు. పొణికి కర్ర దొరకాలి, దాన్ని చెక్కే నకాశీ కళాకారుడికి కూలి గిట్టాలి. ఆ రెండూ లేనినాడు రిజిస్టర్‌లో పేరుంటుంది... బొమ్మే ఉండదు!